రెండు డిస్కుల మధ్య మా నాన్న గుర్రాలు

మొన్న ఆదివారం మల్లేశన్న మా ఇంటికి వచ్చాడు. ఊరి చివర సొంతిల్లు కట్టుకున్నాడు, గృహప్రవేశం పత్రిక ఇచ్చి వెళ్దామని. ఒకప్పుడు మేం కృష్ణానగర్‌లో అద్దెకున్న ఇంటివాళ్ళ అబ్బాయి అతను. ఇప్పుడు జుట్టు తెల్లబడింది, అపార్ట్‌మెంట్లకు సీసీ కెమెరాలు బిగించే వ్యాపారం చేస్తున్నాడు. కంప్యూటర్లు తెలిసిన మనిషి వచ్చాడని విని మా అబ్బాయి తన గదిలోంచి లేచి హాల్లోకి వచ్చాడు. అదే మా ఇంట్లో ఒక వింత. వచ్చి, ఎదురుగా కూర్చుని, ఎంతో మర్యాదగా అడిగాడు: "అంకుల్, రెండు డ్రైవులు కలిపి ఒక్కటిగా చేస్తే గేమ్ ఫాస్ట్ అవుతుందా?" మల్లేశన్న కాఫీ కప్పు సాసర్ మీద పెట్టేశాడు. అతను నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. "మీ అమ్మనడుగు బేటా, నన్నడగకు," అని మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి లేచాడు.

వాడి ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పవచ్చు. చెప్పాను కూడా, పెద్దగా కాదురా అని. వాడు "ఓకే" అని మళ్ళీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నాకు మాత్రం ఆ రోజంతా ఏ పనీ చేయబుద్ధి కాలేదు. ఆ ఒక్క ముక్క తెలుసుకోవడానికి మా ఇంట్లో ఎంతమంది ఎన్నాళ్ళు కొబ్బరిచిప్పలు కొట్టాల్సి వచ్చిందో వాడికి తెలియదు. చెప్పినా నమ్మడు.

మా నాన్న పేరు జకర్యా. సినిమాల్లో చప్పుళ్ళు చేసేవాడు. తెర మీద హీరో నడుస్తుంటే ఆ అడుగుల చప్పుడు హీరోది కాదు, చీకటి గదిలో తెర ముందు చెప్పులు మార్చుకుంటూ నడిచే ఎఫెక్ట్స్ మనిషిది. నాన్న కొన్ని వందల మంది హీరోల బదులు నడిచాడు. కొందరు హీరోయిన్ల బదులు కూడా, కాళ్ళకు పట్టీలు కట్టుకుని. కోస్తా నుంచి మద్రాసు వెళ్ళి, అక్కడ ఒక గురువుగారి దగ్గర పని నేర్చుకుని, సినిమావాళ్ళంతా హైదరాబాద్ వచ్చేస్తుంటే వాళ్ళతోపాటు వచ్చి కృష్ణానగర్‌లో రెండో అంతస్తులో రెండు గదులు తీసుకున్నాడు. ఆ వీధిలో అందరూ ఏదో ఒక రకంగా సినిమావాళ్ళే. పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం నిలబడితే ముందు ఒక కానిస్టేబుల్, వెనక ఒక ముని ఉండేవాళ్ళు, ఇద్దరూ షూటింగ్‌కు తయారైన జూనియర్ ఆర్టిస్టులే. ఎదురింటి డాబా మీద డాన్సర్లు వన్, టూ, త్రీ, ఫోర్ అని లెక్కపెట్టుకుంటూ గంతులేసేవాళ్ళు. ఆ లెక్క ఎనిమిది దాటి ఎప్పుడూ పోయేది కాదు. చిన్నప్పుడు నేను తొమ్మిది, పది అంకెలు ఆలస్యంగా నేర్చుకున్నానని అమ్మ అంటుండేది.

మా ఇంట్లో వంట సామాను సగం వంటకు, సగం నాన్నకు. ములక్కాడ ఫట్టున విరిస్తే ఎముక విరిగిన చప్పుడు, అట్లకాడ పెనం మీద ఈడిస్తే కత్తి దూసిన చప్పుడు, చాటలో ఆవాలు పోసి అటూ ఇటూ ఆడిస్తే వాన. అమ్మ బజారు నుంచి కూరగాయల సంచీ తేగానే నాన్న అందులోంచి ఒక్కోటీ తీసి చెవి దగ్గర పెట్టుకుని చూసేవాడు. బాగా పలికినవి స్టూడియోకు, పలకనివి పులుసులోకి. మా ఇంటి పులుసులో ములక్కాడలు ఎప్పుడూ ముదురువే. భోజనం దగ్గర కూడా నాన్నకు ఒక క్రమం ఉండేది. అప్పడం చివర్న. అందరం తినడం ఆపి నిశ్శబ్దంగా ఉన్నాక ఒక్కసారి నమిలి, కళ్ళు మూసుకుని వినేవాడు. అమ్మ యూసుఫ్‌గూడలో ఒక చిన్న బడిలో టీచరు. బడిలో పిల్లల గోల, ఇంట్లో మొగుడి గోల, నాకు దేవుడు చెవులు ఇచ్చింది నా పాపానికే అనేది. అంటూనే నాన్నకు చెంపదెబ్బలు చేసిపెట్టేది. చపాతీ పిండి ముద్దను అరచేత్తో కొట్టడం. ఆ పని అమ్మ చేసినట్టు ఇంకెవరూ చేయలేరని నాన్న అందరికీ చెప్పేవాడు. కొట్టేటప్పుడు ఎవరిని తలచుకుంటావని నేను అడిగితే అమ్మ నవ్వి ఊరుకునేది.

నేను డిగ్రీలో చేరేసరికి ఊరంతా కంప్యూటర్ల గాలి వీచింది. ఏ గోడ చూసినా కోర్సుల పోస్టర్లు. మల్లేశన్న కింద వాటాలో వీధి వైపు గదిని దుకాణం చేసి, ముక్కలు తెచ్చి కంప్యూటర్లు బిగించి అమ్మేవాడు. నాకూ ఒకటి బిగించి ఇచ్చాడు, చదువు కోసమని. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాన్న అడిగింది ఒక్కటే: ఇందులో చప్పుళ్ళు దాచుకోవచ్చా అని. దాచుకోవచ్చని మల్లేశన్న అచ్చం అలాంటిదే ఇంకో హార్డ్ డిస్కు తెచ్చి నాన్న కోసం లోపల పెట్టాడు. అప్పటిదాకా నాన్న చప్పుళ్ళన్నీ మంచం కింద స్పూల్ టేపుల్లో ఉండేవి. గుర్రాలు, ఏనుగులు, ఉరుములు, బందరు బస్సు స్టార్టవడం, తాటాకు ఇంటి మీద వాన, నేను పుట్టినప్పటి ఏడుపు. ఆ ఏడుపు ఎన్ని సినిమాల్లో వాడాడో లెక్కలేదు. తెలుగు సినిమా ఆసుపత్రుల్లో పుట్టిన మగపిల్లలంతా నేనే.

అప్పుడే విదేశాల నుంచి రెడీమేడ్ చప్పుళ్ళ సీడీలు రావడం మొదలైంది. సీడీ వేస్తే ఏ చప్పుడు కావాలంటే అది. మన గుర్రం వేరు, వాళ్ళ గుర్రం వేరు అని నాన్న వాదించేవాడు గానీ లోపల భయం ఉండేది. అందుకే కొన్ని నెలలు కూర్చుని టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. అవన్నీ ఎక్కాయని తెలిసిన మర్నాడే అమ్మ మంచం కింద ఊడ్చింది. ఆ టేపులు డాబా మీద వడియాల చుట్టూ కర్రలకు కట్టింది. గాలికి రెపరెపలాడుతూ ఎండలో మెరుస్తుంటే కాకులు దరిదాపులకు రాలేదు. నాన్న కూడా చూసి బాగుందనే అన్నాడు.

ఇక విక్కీ. జూబ్లీ హిల్స్‌లో ఒక పాత నిర్మాతగారి మనవడు, మల్లేశన్న దగ్గర కంప్యూటర్ కొన్నాడు. అలా స్నేహం. నాన్నకు అప్పుడప్పుడు పని ఇచ్చేది ఆ పెద్దాయనే కాబట్టి, ఆదివారం చర్చి నుంచి వచ్చాక నన్ను వాళ్ళింటికి పంపడానికి అమ్మకు అభ్యంతరం ఉండేది కాదు. నేనూ మల్లేశన్నా మా కంప్యూటర్లను దుప్పట్లలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కొండెక్కేవాళ్ళం. గేటు దగ్గర వాచ్‌మన్ ప్రతి వారం దుప్పటి విప్పించి చూసేవాడు. వాళ్ళింట్లో కథలు చర్చించే గది ఒకటి ఉండేది, పరుపులు, బాలీసులతో. అక్కడ విక్కీ, వాడి కాలేజీ స్నేహితులు ముగ్గురు, మేమిద్దరం కంప్యూటర్లన్నీ తీగలతో కలుపుకుని ఒక యుద్ధం ఆట ఆడేవాళ్ళం. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. సముద్రంలో ఒక దీవి, దీవి మొత్తానికి ఒకే ఒక విమానం. ఆట మొదలయ్యే ముందు ప్రతి కంప్యూటరూ ఆ దీవిని తన డిస్కులోంచి తెచ్చుకోవాలి. ఎవరిది ముందు తెస్తే వాళ్ళు ముందు దీవి మీద దిగుతారు. ముందు దిగినవాడు విమానం ఎక్కుతాడు. మిగిలినవాళ్ళం కిందినుంచి నడవాలి, వాడు పైనుంచి బాంబులు వేస్తుంటే.

ఎప్పుడూ విక్కీయే ముందు. వాడి డిస్కు ఖరీదైనది. నేను ఎప్పుడూ చివర. కొన్ని నెలలపాటు ఆ దీవిలో నేను చూసింది ఇసుక, పైన వెళ్తున్న విమానం అడుగుభాగం, అంతే. విక్కీ చెడ్డవాడు కాదు, బాంబు వేసే ముందు "సారీ ఎస్తేర్" అని కూడా అనేవాడు. దాంతో నాకు ఇంకా మండేది.

ఒకరోజు మల్లేశన్న ఒక కంప్యూటర్ పత్రిక పట్టుకుని పైకి వచ్చాడు. ఒకేలాంటి డిస్కులు రెండుంటే వాటిని కలిపి ఒక్కటిగా చేయవచ్చట. దేన్ని దాచినా ముక్కలు చేసి ఒక ముక్క ఇందులో, తరవాతి ముక్క అందులో పెడతాయట. మళ్ళీ తెచ్చేటప్పుడు రెండూ ఒకేసారి పరిగెడతాయి. "ఇద్దరు కూలోళ్ళు మోస్తే పని సగం టైంల అయితది గదా, గట్లనే," అన్నాడు. ఒకేలాంటి డిస్కులు రెండు మా ఇంట్లోనే ఉన్నాయని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాన్న స్టూడియోలో ఉన్నాడు.

నాన్న చప్పుళ్ళన్నీ ముందు మల్లేశన్న దుకాణంలోని ఒక డిస్కులోకి ఎత్తి పెట్టాం. మా రెండు డిస్కులనూ తుడిచి, కలిపి ఒకటి చేశాం. చప్పుళ్ళను మళ్ళీ జాగ్రత్తగా అందులోకి దింపాం. అంతా సరిగ్గా ఉందని చూసుకున్నాకే మల్లేశన్న తన డిస్కును తుడిచి ఎవరికో అమ్మేశాడు. నాన్నకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కనిపించలేదు. గుర్రాలు పరిగెడుతున్నాయి, ఏనుగులు ఘీంకరిస్తున్నాయి, నేను ఏడుస్తున్నాను.

వేగం మాత్రం నాన్నతోనే కొలిపించాం. రీళ్ళ నిడివి కొలిచే స్టాప్‌వాచ్ ఆయన దగ్గర ఉండేది, దాన్ని ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. మల్లేశన్న దుకాణంలో కొత్త సామాను పరీక్షిస్తున్నాడని చెప్పి, కలపక ముందు ఒకసారి, కలిపాక ఒకసారి కొలిపించాం. దీవి రావడానికి ముందు యాభై ఒక్క సెకన్లు. తరవాత నలభై నాలుగు. మల్లేశన్న మొహం వాడిపోయింది. ఇరవై అయిదు రావాలని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. కొన్ని రోజులు ఆలోచించి కారణం తనే చెప్పాడు: కూలోళ్ళు ఇద్దరై సామాను తొందరగానే తెచ్చి పడేస్తున్నారు, కానీ వండేది ప్రాసెసర్, వంటమనిషి ఒక్కడే, పొయ్యి ఒక్కటే. దీవి మీద దిగాక ఆట వేగం వెంట్రుకవాసి కూడా పెరగలేదు. డిస్కుల పని అప్పటికి అయిపోయి ఉంటుంది కదా. కానీ నాకు కావలసింది ఆ ఏడు సెకన్లే. విక్కీది నలభై ఆరు.

ఆ ఆదివారం నేను దీవి మీద దిగేసరికి అక్కడ ఎవరూ లేరు. రన్‌వే మీద విమానం ఒంటరిగా నిలబడి ఉంది. మొదటిసారి దాన్ని పైనుంచి, పక్కనుంచి, కావలసినంత సేపు చూశాను. ఎక్కాను. అప్పుడు తెలిసింది నాకు విమానం తోలడం రాదని. ఎలా వస్తుంది, ఏనాడైనా ఎక్కితే కదా. ముందుకు పోనిచ్చాను, రన్‌వే అయిపోయింది, సముద్రం వచ్చింది. రెండో ఆటలో గాల్లోకి లేచాను. లేచి, మా జట్టు కాపలా బురుజును గుద్దాను. దాని మీద మల్లేశన్న ఉన్నాడు. మూడోసారి విమానం తిరగబడి, తలకిందులుగా మా శిబిరం మీదే పడింది. విక్కీ తన కుర్చీలోంచి లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు, వాడికి ఆడే పని లేకుండా పోయింది, మా సైన్యాన్ని నేనే చంపుతున్నాను. మల్లేశన్న మాత్రం మానిటర్ మీంచి చూపు తిప్పకుండా, చాలా శాంతంగా అన్నాడు: "ఎస్తేరూ, జర గా విమానం దుష్మన్లకు ఇచ్చేద్దామా? గప్పుడు మనం గెలుస్తం."

అలా నాలుగైదు ఆదివారాలు గడిచాయి. నేను కొద్దిగా నేర్చుకున్నాను, బురుజులకు ఎడంగా పడటం వరకు.

తరవాత ఒక శనివారం మధ్యాహ్నం, నాన్న భోంచేస్తున్నాడు. అప్పడం వంతు వచ్చి అందరం నిశ్శబ్దంగా ఉన్నాం. ఆ నిశ్శబ్దంలో గదిలోంచి వినబడింది, టిక్, టిక్, గర్ర్, టిక్. నాన్న అప్పడం కింద పెట్టాడు. ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళి కంప్యూటర్ పెట్టె దగ్గర చెవి పెట్టాడు. మొహం వెలిగిపోయింది. పెద్దాయన తీస్తున్న జానపద సినిమాలో మాంత్రికుడు పళ్ళు కొరకాలి, దానికి సరైన చప్పుడు కోసం ఆయన వారం రోజులుగా గవ్వలు, గులకరాళ్ళు, వక్కలు అన్నీ రాపాడించి చూశాడు. ఇదిగో, ఇదీ చప్పుడు. ఎవరూ దాన్ని కదపొద్దన్నాడు. చేయి కడుక్కుని, తన చిన్న రికార్డరు తెచ్చి, మైకు పెట్టి, పది నిమిషాలు ఊపిరి బిగబట్టి రికార్డు చేశాడు. నేను ఆ పది నిమిషాలూ గుమ్మంలో నిలబడే ఉన్నాను. అది ఏ చప్పుడో నాకు తెలుసు. ఆపేద్దామని చేయి చాపితే నాన్న వేలు పెదాల మీద పెట్టుకుని కసిరాడు. చివరికి కిర్రుమని ఒక పెద్ద చప్పుడు వచ్చి, అంతా ఆగిపోయింది. ముగింపు కూడా అద్భుతంగా ఉందన్నాడు నాన్న. ఇప్పుడు దీన్ని కంప్యూటర్లోకి ఎక్కించమ్మా అన్నాడు.

నేను కిందికి వెళ్ళి మల్లేశన్నను పిలుచుకొచ్చాను. అతను పెట్టె విప్పి, తీగలు మార్చి, మళ్ళీ మార్చి, చెమటలు తుడుచుకుని, ఒక డిస్కు చచ్చిపోయిందని చెప్పాడు. నాన్న ఏమీ కంగారు పడలేదు. రెండున్నాయి కదా, నాది రెండోది కదా అన్నాడు. అప్పుడిక చెప్పక తప్పలేదు. నేనే చెప్పాను. కలిపిన సంగతి, ముక్కల సంగతి, ఒకటి పోతే రెండోదాంట్లో మిగిలిన ముక్కలు ఎందుకూ పనికిరావన్న సంగతి. ఆ మాట పత్రికలో కింద చిన్న అక్షరాల్లో ఉందని, మేం చదివామని, చదివి కూడా ఆ పని చేశామని.

నాన్న పెట్టెలోకి తొంగిచూశాడు. "అంటే గుర్రం ముందరి కాళ్ళు ఇందులో, వెనక కాళ్ళు అందులోనా?"

"గట్ల గాదంకుల్," అన్నాడు మల్లేశన్న, అబద్ధం చెప్పలేని మనిషి. "ఒక్కో అడుగును ముక్కలు చేసి, ఒక ముక్క ఇండ్ల, ఒక ముక్క అండ్ల."

"ఎందుకు?"

"విమానం కోసం నాన్నా," అన్నాను.

"ఏ విమానం?"

అమ్మ వంటింట్లోంచి వచ్చి మా మొహాలు చూసి, నేరుగా డాబా మీదకు వెళ్ళింది. కాసేపటికి టేపు చుట్ట ఒకటి పట్టుకుని దిగింది. నాన్న దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. ఎండకు పెళుసై, కాకిరెట్టలతో, వేలు తగిలిన చోటల్లా విరుగుతోంది. దాన్ని మడిచి బల్ల మీద పెట్టాడు.

రెండు రోజులు నాన్న మాట్లాడలేదు. అది పరవాలేదు, మాట్లాడనివాళ్ళు ఏ ఇంట్లోనైనా ఉంటారు. కానీ ఆయన చప్పుడు చేయలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. అప్పడాన్ని చారులో నానబెట్టి తిన్నాడు. అది చూసి అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను తిట్టించుకోవడానికి ఎదురుచూస్తూ గదిలో కూర్చున్నాను. తిడితే బాగుండునని అంతగా నా జీవితంలో మళ్ళీ ఎప్పుడూ అనుకోలేదు.

మూడో రోజు పొద్దున పెద్దాయన కబురు చేశాడు. మల్లేశన్న దగ్గర విన్న సంగతి విక్కీ చెప్పేశాడట. విమానం విషయంలో తనకూ పాపం ఉందని వాడి అభిప్రాయం. సినిమా పని పది రోజుల్లో పూర్తి కావాలి, ఏం పరవాలేదు జకర్యా, సీడీలు తెప్పించి వేసేద్దాం అన్నాడు పెద్దాయన. నాన్న ఆ ఇంట్లో ఏనాడూ కుర్చీలో కూర్చున్నవాడు కాదు, దేనికీ కాదన్నవాడు కాదు. ఆ రోజు కాదన్నాడు. పది రోజులు, మీ కార్ల షెడ్డు, మీ మనవడితో కలిపి ఈ ముగ్గురు పిల్లల్ని నాకివ్వండి, చప్పుళ్ళు రాకపోతే మీ ఇష్టం అన్నాడు.

ఆ పది రోజులు జూబ్లీ హిల్స్‌లో ఆ ఇంటి ముందునుంచి వెళ్ళినవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. కార్లన్నీ వీధిలోకి నెట్టించి షెడ్డు నిండా ఇసుక, కంకర, ఎండుటాకులు పోయించాడు నాన్న. విక్కీకి గుర్రాలు ఇచ్చాడు. కొబ్బరిచిప్పలతో ఇసుక మీద నడక, కంకర మీద దౌడు, మోకాళ్ళ మీద కూర్చుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. మల్లేశన్నకు ఏనుగులు, ఉరుములు. రేకును రెండు చేతులతో పట్టుకుని ఊపడం, అది ఎంత బరువంటే అన్నం తినేటప్పుడు కూడా అతని చేతులు ఊగుతుండేవి. నాకు కత్తులు, పట్టీలు, వాన. అమ్మ బడికి సెలవు పెట్టి పిండి ముద్దతో వచ్చింది. నన్నూ మల్లేశన్ననూ చూస్తూ కొట్టిన ఆ చెంపదెబ్బలు ఆమె జీవితంలోకెల్లా ఉత్తమమైనవి. సైన్యం కావాలంటే ఆ వీధిలోని ఇళ్ళ డ్రైవర్లందరినీ పిలిచి చెప్పులు విప్పించి నడిపించాడు. వాళ్ళు మొదట సిగ్గుపడ్డారు, తరవాత మూడో రోజుకల్లా వాళ్ళే వచ్చి యుద్ధం ఎప్పుడు సార్ అని అడగసాగారు. పెద్దాయన ఒకరోజు వచ్చి మనవడు మోకాళ్ళ మీద కూర్చుని చిప్పలు కొట్టడం చాలాసేపు చూశాడు. తన పాత పేము కుర్చీ తెప్పించుకుని అందులో కూర్చుని అటూ ఇటూ కదిలాడు. సినిమాలో మహారాజు సింహాసనం కిర్రుమనేది అదే. ఆ వేషం ఇంకెవరికీ ఇవ్వొద్దని నాన్నకు గట్టిగా చెప్పాడు.

మళ్ళీ చేయలేని చప్పుడు ఒక్కటే, నా ఏడుపు. దానికీ దారి దొరికింది. మల్లేశన్న అక్క పురిటికి వచ్చి ఉంది. నాన్న మైకు పట్టుకుని వాళ్ళ వాటా గుమ్మంలో ఒక పూటంతా కాచుకున్నాడు. ఆ తరవాత తెలుగు సినిమాల్లో పుట్టినవాళ్ళంతా మల్లేశన్న మేనకోడలే. ఇప్పటికీ ఆ అమ్మాయిని చూస్తే నాకు కాస్త ఈర్ష్య.

పదో రోజుకు పని అయింది. సినిమా వచ్చింది, వారం ఆడింది. మేం చూసిన ఆటకు హాల్లో మాతో కలిపి ఇరవై మంది ఉంటారేమో. గుర్రాలు వచ్చినప్పుడు విక్కీ లేచి నిలబడబోతే మల్లేశన్న చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. మాంత్రికుడు పళ్ళు కొరికినప్పుడు నేను తల దించుకున్నాను. ఇంటర్వెల్లో సమోసాలు తింటూ, ఎవరూ అడగకుండానే, నాన్న ఒక మాట చెప్పాడు. పోయిన చప్పుళ్ళలో గుర్రాలు, ఏనుగులు, ఉరుములు ఆయనవి కావట. మద్రాసులో ఆయన గురువుగారివి. హైదరాబాద్ వచ్చేటప్పుడు కాపీ చేసి, చెప్పకుండా తెచ్చుకున్నాడట. బందరు బస్సు కూడా బందరుది కాదు, కోడంబాక్కంలో ఒక సందులో ఆగిన సిటీ బస్సు. ఇన్నేళ్ళూ అవే వాడుతూ, గురువుగారికి ఒక్క ఉత్తరం ముక్క రాయలేకపోయాడట. "ఇవి నావి," అన్నాడు. "మీరు చేసినవే అయినా, నావి." అని సమోసా కరకరలాడిస్తూ తిన్నాడు.

తరవాతి వారం ఒక సీడీ తీసుకుని మద్రాసు రైలెక్కాడు. గురువుగారు బతికే ఉన్నారు, చాలా ముసలివారు, కళ్ళు కనబడవు. నాన్న ముందు తప్పు ఒప్పుకున్నాడు. నువ్వు తీసుకెళ్ళావని నాకు ఆ రోజే తెలుసు, టేపు చుట్టిన తీరు మారిందిగా అన్నారట ఆయన. తరవాత సీడీ పెట్టించుకుని మొదటినుంచి చివరిదాకా కదలకుండా విన్నారట. విని, నాన్న మోకాలి మీద చేయి వేసి, "గుర్రం బాగుంది జకర్యా, కానీ ఎడమకాలు కుంటుతోంది," అన్నారట. నిజమే. ఆరో రోజు విక్కీ ఎడమ చేతి చిప్ప పగిలితే, గమ్ టేపు చుట్టి అలాగే కానిచ్చేశాం. ఆ సంగతి నాన్న కూడా గమనించలేదు.

నాన్న రైలు దిగి నేరుగా ఇంటికి రాలేదు, ముందు కింద మల్లేశన్న దుకాణంలో ఆగి ఆ మాట చెప్పాడు, తరవాత మాకు చెప్పాడు, సాయంత్రం జూబ్లీ హిల్స్ వెళ్ళి పెద్దాయనకు చెప్పాడు. గురువుగారు నా గుర్రం కుంటుతోందన్నారు అని, ఏదో బిరుదు ఇచ్చినట్టు. అంతా అయ్యాక విక్కీకి కొత్త చిప్పలిచ్చి ఆ దౌడు మళ్ళీ చేయించాడు. వాడూ నోరెత్తకుండా చేశాడు.

ఇప్పుడు అన్నీ వేగమే. మా అబ్బాయి ఆట వాడు కుర్చీ లాక్కునేలోపు సిద్ధంగా ఉంటుంది. ఏదీ పోదు, అన్నిటికీ ఎక్కడో ఒక కాపీ ఉంటుంది. నేను ఏదైనా కథ రాసి తెలిసినవాళ్ళకు పంపిస్తే అర నిమిషంలో బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి తిరిగి వస్తుంది. చదవడానికి పావుగంట పట్టేది అర నిమిషంలో ఎలా బాగుందో నాకు అర్థం కాదు. ఆ బొమ్మ వచ్చిన ప్రతిసారీ నేను ఫోన్ పక్కన పెట్టి, రాసిందాన్ని మొదటినుంచి పైకి చదువుకుంటాను, మెల్లగా, ఎక్కడ కుంటుతోందో వినబడుతుందేమోనని.